మా తంగేడు, తినిపోయే చుట్టాలు

మా గేటెడ్ కమ్యూనిటీలో పచ్చదనానికేం కొదవ లేదు. ఫ్లాటు అమ్మినప్పుడు బ్రోషర్లో సగం పేజీలు చెట్ల బొమ్మలే. ప్రహరీ గోడ పొడుగునా కోనోకార్పస్, నడిచే దారి పక్కన పసుపు పూసినట్టుండే డురాంటా, క్లబ్‌హౌస్ ముందు పేరు తెలియని ఏవో గుండ్రటి పొదలు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, ఆకు రాల్చవు, పురుగు పట్టదు, మేకొచ్చినా ముట్టదు (మా సెక్యూరిటీ వాళ్ళు మేకకి విజిటర్ పాస్ ఇవ్వరనుకోండి, అది వేరే విషయం). పచ్చదనం అంటే ఇదే కాబోలు అనుకుని నేనూ చాన్నాళ్ళు తృప్తిపడ్డాను.

2019 దసరాకి అమ్మ ఊరినుంచి వచ్చింది. మాది సిద్దిపేట వైపు. వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక సంచి పట్టుకుని కిందకి వెళ్ళి, గంట తర్వాత ఖాళీ సంచితో పైకొచ్చింది. "ఇన్ని చెట్లు వెట్టిండ్రు గద బిడ్డా, బతుకమ్మకు అక్కరకొచ్చే పువ్వు ఒక్కటన్న లేదు. గిదేం తోటనో!" అంది. సరే, అదెంత పని అని బజారుకెళ్ళి, రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతున్న తంగేడు కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే సగం రేకులు రాలాయి, మిగతా సగం వడిలాయి. అమ్మ పెద్దగా ఏమీ అనలేదు. "తంగేడు పువ్వును పైసలు వెట్టి కొన్నవా?" అని మాత్రం అడిగింది. పదిహేనేళ్ళ సర్వీసులో నాకు చాలా అప్రైజల్స్ జరిగాయి గానీ, ఇంత తక్కువ మాటల్లో ఇంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

బతుకమ్మ తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ ఇది. తాంబాలంలో పూలను వరుసలు వరుసలుగా గోపురంలా పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడతారు. గునుగు, బంతి, కట్ల, గుమ్మడి... ఏ పువ్వున్నా లేకున్నా తంగేడు ఉండాల్సిందే. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది కూడా దీన్నే. వానలు వెనకబట్టే వేళకి గుట్టల మీద, చెరువు కట్టల మీద, బీడు భూముల్లో ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు పూస్తుంది. చిన్నప్పుడు నేనూ మా అక్కా పొద్దు పొడవకముందే ఊరవతల గుట్టకి వెళ్ళి బుట్టెడు తెంపుకొచ్చేవాళ్ళం. దాన్ని ఎవరో నాటాలి, పెంచాలి అన్న ఊహే ఎప్పుడూ రాలేదు. గాలినీ ఎండనీ ఎవరూ నాటరు కదా, అలాంటిదే అనుకున్నాం.

సరే, నాటుదాం అని నిశ్చయించుకున్నాను. ఎంత లేదన్నా రైతుబిడ్డని, పైగా ఇంజనీర్ని!

మొదటి ప్రయత్నం పరమ మొరటుది. ఆ డిసెంబర్లో ఒక ఆదివారం ఔటర్ రింగు రోడ్డు అవతల ఖాళీ ప్లాట్లలో మోకాలెత్తు తంగేడు మొక్క ఒకటి చూసి, డిక్కీలోంచి గడ్డపార తీసి తవ్వడం మొదలుపెట్టాను. అడుగు తవ్వినా వేరు అంతు కనపడదు. రెండడుగులు తవ్వాక నా ఓపిక అయిపోయి లాగాను, పుటుక్కున తెగింది. పైన మోకాలెత్తు మొక్క, కింద అంతకు రెట్టింపు వేరు! తెచ్చి నాటి రోజూ నీళ్ళు పోస్తే వారంలో ఎండి ఊరుకుంది. ఎండాకాలమంతా చుక్క నీరు లేకుండా ఎలా బతుకుతుందో అప్పుడర్థమైంది. దాని సంసారమంతా భూమి లోపలే. పైన మనకి కనిపించేది ఊరికే ఫ్రంట్ ఎండ్.

రెండోసారి గింజలు తెచ్చాను. శ్రీశైలం రోడ్డు పక్కన గుట్టల మీద కాయలు ఎండి ఉన్నాయి. కాయంటే పెద్ద లావుగా ఏం ఉండదు, కాగితంలా పల్చగా, జానెడుకి తక్కువగా, గోధుమరంగులో ఉంటుంది. ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. కోకోపీట్ ట్రేలో చక్కగా వరసల్లో పెట్టాను. అప్పుడే లాక్‌డౌన్ వచ్చి పడింది, ఇంట్లోంచే పని. కాల్‌కీ కాల్‌కీ మధ్య బాల్కనీలోకి వెళ్ళి ట్రే వంక చూడటం నా దినచర్య అయిపోయింది. నెల గడిచింది. ఒక్కటీ మొలవలేదు. వేలితో కెలికి చూస్తే గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, రాళ్ళలాగా. నెల్లాళ్ళు తడిలో ఉన్నా లోపలికి చుక్క నీరు పోలేదు!

ఇందులో తిరకాసేమిటంటే, గింజ పైపొర నీటిని పోనివ్వదు. ఆలోచిస్తే అది ఎంత తెలివైన ఏర్పాటో తెలుస్తుంది. మేలో ఒక అకాల వానకే గింజలన్నీ మొలిచాయనుకోండి, తర్వాత వచ్చే ఎండకి మొత్తం వంశం మాడిపోతుంది. కాబట్టి ఎండకీ, రాపిడికీ, మట్టిలో మగ్గడానికీ పైపొర అరిగిన గింజ ఈ ఏడు మొలుస్తుంది, అరగనిది వచ్చే ఏడో ఆ పై ఏడో. మనకి అంత తీరిక లేదు కనుక, నీళ్ళు మరగకాచి, పొయ్యి మీంచి దించి కాస్త ఆగి, గింజల మీద పోసి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్నకి ఉబ్బినవి మొలుస్తాయి. ఉబ్బని వాటికి నెయిల్ కట్టర్‌తో ఒక అంచున చిన్న గాటు పెట్టాలి, కన్ను ఉన్న వైపు మాత్రం కాదు. నలభై గింజల్లో ఇరవై ఆరు మొలిచాయి. ఆ రోజు టీం మీటింగులో కారణం లేకుండా నవ్వుతున్నానని మా మేనేజర్ అడిగింది కూడా.

ఆ ఇరవై ఆరులో పదిహేనింటిని నేనే చంపాను. ప్రేమతోనే లెండి. వర్మీకంపోస్టు వేశాను, పూటపూటకీ నీళ్ళు పోశాను. మొదళ్ళు కుళ్ళి ఒక్కొక్కటే వాలిపోయాయి. కాయలు కాసే జాతి కదా, చిక్కుళ్ళకీ కందికీ ఉన్నట్టు దీని వేళ్ళకీ నత్రజని బుడిపెలుంటాయి, నేలని బాగుచేస్తుంది అని కూడా అనుకున్నాను. అదీ లేదు, ఈ జాతికి ఆ బుడిపెలు రావు. తంగేడు ఎవరికీ ఏమీ ఇచ్చుకోలేని బీదనేలలో, ఎవరినీ ఏమీ అడక్కుండా బతికే మొక్క. మిగిలిన పదకొండింటిని వేరు చుట్టుకోకుండా పొడుగాటి కవర్లలోకి మార్చి, జూలైలో జనరేటర్ గది వెనక నాటాను. అక్కడే ఎందుకంటే, బిల్డరు వదిలేసిన మొరమూ సిమెంటు పెళ్ళలూ కలిసి అక్కడ గడ్డి కూడా మొలవదు, కనుక ఎవరికీ అభ్యంతరం లేదు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు "మీ ఇష్టం సార్, అక్కడ ఏదీ బతకదు" అని నోటిమాటగా అనుమతి ఇచ్చారు. అయిదు బతికాయి. మొదటి వేసవిలో వారానికోసారి నీళ్ళు పోశాను, ఆ తర్వాత ఆపేశాను. ఇంతవరకూ మళ్ళీ పొయ్యలేదు.

2022 ఆగస్టులో మొదటి పువ్వు పూసింది. ఒక్క పువ్వే. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇద్దరం వెళ్ళి దాని ముందు చతికిలబడి కూర్చున్నాం. చిన్నప్పుడు బుట్టలకొద్దీ తెంపాను గానీ ఒక్క పువ్వుని నిదానంగా చూసిన పాపాన పోలేదు. అయిదు పచ్చటి రేకులు. మధ్యలో పది కేసరాలు, అవి అన్నీ ఒక్కలా ఉండవు. పైన మూడు వట్టి అలంకారానికే. మధ్యవి పొట్టివి. కింద కొన్ని పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటాయి. ఆకు మొదట్లో చెవుల్లాంటి రెండు చిన్న ఆకులుంటాయి. 1753లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టినప్పుడు చూసింది ఈ చెవుల్నే, ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. అప్పట్లో కాసియా, ఇప్పుడు సెన్నా.

తుమ్మెద వచ్చింది చూడండీ, అప్పుడు మొదలైంది అసలు కథ.

మన పద్యాల్లో తుమ్మెద ఎప్పుడూ మకరందం కోసమే వస్తుంది. తంగేడు పువ్వులో మకరందం లేదు. చుక్క కూడా లేదు! ఉన్నది పుప్పొడి మాత్రమే. అదీ బాహాటంగా దొరకదు. చాలా పూలలో కేసరాల కొసలు పగిలి పుప్పొడి బయటపడుతుంది. ఇందులో కొసన సన్నటి రంధ్రం ఉంటుంది, ఉప్పు డబ్బాకి ఉన్నట్టు. దులిపితేనే రాలుతుంది. నల్లటి గండుతుమ్మెద వచ్చి కేసరాలని పట్టుకుని, రెక్కలు ముడుచుకునే, ఎగిరేటప్పుడు వాడే కండరాలను మాత్రం జరజరా వణికిస్తుంది. ఎగిరేటప్పుడు వచ్చే ఝుంకారం ఒకటి, ఇది ఇంకొకటి, ఇంకాస్త సన్నటి కీచు శబ్దం. ఆ వణుకుకి పుప్పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల పుప్పొడి తుమ్మెద తిండికి. పొడుగు కేసరాలది మాత్రం దానికి తెలియకుండా ఒంటికి అంటుకుని పక్క పువ్వుకి చేరుతుంది. జీతం ఒక అకౌంటు, కంపెనీ పని ఇంకో అకౌంటు అన్నమాట. తేనెటీగలకి ఈ వణికించే విద్య రాదు. అవి వచ్చి, తుమ్మెద దులిపాక మిగిలింది ఏరుకుని పోతాయి. పొట్ట మీద నీలి చారలుండే ఇంకో చిన్న ఈగ జాతికి మాత్రం వచ్చు, అదీ వస్తోంది. టమాటా పువ్వుదీ ఇదే వ్యవహారం. అమ్మాయి పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ తెచ్చి పువ్వు వెనక ఆనించి స్విచ్ నొక్కితే నిజంగానే పసుప్పచ్చ పొడి పొగలా వచ్చింది. దాని తర్వాత వారం రోజులు ఇంట్లో ఎవరి బ్రష్షూ ఎవరికీ దొరకలేదు :)

పువ్వులో తేనె లేదన్నాను గానీ మొక్కలో ఉంది, ఆకుల దగ్గర. ఆకుజంటల మధ్య కాడ మీద చిన్న ముల్లులా నిలబడి ఒక గ్రంథి ఉంటుంది, అది తీపి రసం ఊరుస్తుంది. చీమలు దానికోసం ఎక్కుతాయి. ఎక్కినవి ఊరికే ఉంటాయా, ఆకు మీద ఏ గుడ్డో పిల్లపురుగో కనపడితే పట్టుకుపోతాయి. జీతమిచ్చి సెక్యూరిటీ పెట్టుకున్నట్టే. మా సెక్యూరిటీ లాగే దీన్ని దాటుకుని కూడా లోపలికి వచ్చేవాళ్ళుంటారు.

2023లో వచ్చారు.

వర్షాకాలంలో తెలుపూ లేత ఆకుపచ్చా కలిసిన సీతాకోకచిలుకలు నాలుగైదు ఆ పొదల మీద తచ్చాడటం మొదలుపెట్టాయి. ఇంగ్లీషులో మాటిల్డ్ ఎమిగ్రంట్ అంటారు. (ఎమిగ్రంట్ అన్న పేరు చూసి వీసా స్టేటస్ ఏమిటని మా కొలీగ్ అడిగాడు. జోకు బాగానే పేలింది గానీ నిజానికి ఇది ఇక్కడిదే.) చివుళ్ళ మీద బియ్యపుగింజకన్నా చిన్నవి, నిలువు గుడ్లు, ఒక్కో ఆకుకి ఒక్కొక్కటి. వారం తిరగకముందే పచ్చటి పురుగులు. గొంగళిపురుగు అనగానే మనకి ఒంటినిండా బొచ్చు, దురద గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. నున్నగా, ఆకు రంగులో, పక్కలమ్మట సన్నటి తెల్లచారతో, ఆకు కాడ వెంబడి పడుకుంటే పక్కనే ఉన్నా కనపడదు. కనపడేది తిండి మాత్రమే. రెండు వారాల్లో రెండు మొక్కలు దువ్వెన పళ్ళలా కాడలు మిగిలాయి.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పురుగులు రావాలనే ఈ మొక్క పెంచానని తర్వాత మీటింగులో గొప్పగా చెప్పుకున్నాను గానీ, ఆ పొద్దు బోడి కొమ్మలు చూసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన వేపనూనె ఎక్కడ దొరుకుతుంది అని. మూడేళ్ళు పెంచాను. నా మొక్క. ఎవరో వచ్చి తినిపోతుంటే కడుపు మండదా? మా అమ్మాయి అడ్డుపడింది. దానికో నోటు పుస్తకం, అందులో రోజూ లెక్క. ఆదివారం పద్దెనిమిది, బుధవారం ఇరవై ఏడు, శుక్రవారం ముప్ఫై ఒకటి. ఒక టైలర్ బర్డ్ వచ్చి ఒకదాన్ని ముక్కున కరుచుకుపోతే దానికి ఏడుపు. "డాడీ, పిట్టకి పిల్లలున్నాయేమో" అని తనే సర్దిచెప్పుకుంది. చిన్న పిట్టల పిల్లలకి గింజలు అరగవు, మెత్తటి పురుగులే మేత. ఒక గూటికి రోజుకెన్ని కావాలో లెక్క వేస్తే ముప్ఫై ఒకటి ఏ మూలకి? అప్పుడు తట్టింది నాకు, మా కోనోకార్పస్ మీద ఇన్నేళ్ళలో ఒక్క ఆకుకి కూడా చిల్లు చూడలేదు. దాన్ని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పేదీ అదే. సోమాలియా, యెమెన్ వైపు నుంచి వచ్చిన చెట్టది, ఇక్కడి పురుగులకి దాని రుచి అలవాటు లేదు. డురాంటా అమెరికా ఖండాలది. దాని పువ్వులకైనా సీతాకోకలు వస్తాయి, కానీ మేం పూయనిస్తేగా, పదిహేను రోజులకోసారి కత్తెరేస్తాం. గుజరాత్ ప్రభుత్వం 2023లోనే కోనోకార్పస్ నాటొద్దని ఆదేశాలిచ్చింది. మా దగ్గర మాత్రం గోడ వెంబడి ఇంకా బారులు తీరి ఉంది.

ఆ శుక్రవారం రాత్రి నాకు రిలీజ్ ఉంది. తెల్లారుజామున నాలుగింటికి పడుకున్నాను. ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు, "జనరేటర్ రూం వెనక పురుగులు పడ్డాయి, పిల్లలు తిరిగే చోటు, వెంటనే చర్య తీసుకోగలరు" అని. కింద పద్నాలుగు బొటనవేళ్ళు. నేను చూశాను. చూసి, రిలీజ్ అయ్యాక జవాబు రాద్దామనుకున్నాను. రాయలేదు. పొద్దున ఏడింటికి మెయింటెనెన్స్ కుర్రాడు వచ్చి మందు కొట్టేశాడు. అతని తప్పేం లేదు, చెప్పిన పని చేశాడు. నేను పదింటికి లేచేసరికి అమ్మాయి కిందనుంచి వచ్చి పుస్తకం నా మంచం మీద పెట్టింది. శనివారం ఎదురుగా సున్నా అని రాసి ఉంది. పురుగులన్నీ మొదట్లో రాలి పడి ఉన్నాయి, నల్లగా మెలికలు తిరిగి. చీమలు కూడా. రెండు రోజులు పిట్ట రాలేదు. అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇబ్బంది. నువ్వు గ్రూపులో ఎందుకు రాయలేదని అడిగితే ఏం చెప్పాలో నేను తయారుగానే ఉన్నాను. అడగలేదు.

తర్వాతి నెల అసోసియేషన్ మీటింగుకి వెళ్ళాను, జీవితంలో మొదటిసారి పార్కింగు విషయం కాకుండా. ఆ పురుగులు ఇళ్ళలోకి వస్తే? అన్నారు ఒకావిడ. తంగేడు, దాని దగ్గరి చుట్టాలు తప్ప ఇంకేం తినవండీ, మీ కరివేపాకు మీద పెట్టినా ఆకలితో చస్తాయి గానీ ముట్టవు అన్నాను. దురద? బొచ్చే లేదు కదండీ. మరి మొక్క చచ్చిపోతే? అని అడిగారు రిటైర్డ్ ఇంజనీరు గారొకరు, "మీరు పెంచేది మొక్కనా, పురుగునా? ముందది తేల్చుకోండి" అని. మంచి ప్రశ్న. సమాధానం ఫోన్లో ఉంది. బోడి కొమ్మల ఫోటో, మూడు వారాల తర్వాత అదే కొమ్మల నిండా చివుళ్ళ ఫోటో. రెండడుగుల వేరు ఉన్నదానికి ఆకులు పోవడం ఒక లెక్కా! గుట్టల మీద దీన్ని ఎన్నోసార్లు మొదలంటా నరుకుతారు, మళ్ళీ చిగురిస్తుంది. ఒకప్పుడు తోళ్ళు పదును చెయ్యడానికి తంగేడు చెక్క కోసం ఒలిచిందెంతో లెక్కలేదు, మద్రాసు వైపు తోళ్ళ వ్యాపారం దీని బెరడు మీద నడిచిన రోజులున్నాయి. చివరికి ఇరవై అడుగులు పొడుగు, పన్నెండు వెడల్పు జాగాలో మందు కొట్టకూడదని తీర్మానం చేశారు. ఫిర్యాదులన్నీ నాకే రావాలని కూడా. వస్తున్నాయి. గాలివాటుకి దారి మీద కొట్టిన మందు ఒక్కోసారి అటు కూడా తగులుతుంది, దారివైపు మొక్క మీద ఇప్పటికీ పురుగు తక్కువే.

2024 దసరాకి అమ్మ వచ్చింది. ఈసారి నేనే చెయ్యి పట్టుకుని జనరేటర్ గది వెనక్కి తీసుకెళ్ళాను. అయిదు పొదలూ విరగబూసి ఉన్నాయి. తుమ్మెదలు గీ పెడుతున్నాయి. అమ్మ కొంగు నడుముకి దోపింది. నాకు గుండె ఝల్లుమంది. అన్నీ తెంపేస్తే కాయలెట్లా? తుమ్మెదలెట్లా? "అమ్మా, కొన్ని తెంపు, మిగిలినవి బజార్లో తెస్తా" అన్నాను, గొంతు తగ్గించి. అమ్మ నావైపు తిరిగి చూసింది. "పురుగుకు తిననిస్తవ్, తుమ్మెదకు తాగనిస్తవ్, పండుగకు తెంపనియ్యవా?" అంది. తుమ్మెద ఇక్కడ తాగేదేమీ లేదని సరిదిద్దబోయి ఊరుకున్నాను.

తెంపింది. ఎలా తెంపిందో చూశాను. కొమ్మ విరవదు, గుత్తిని ముట్టదు. విచ్చుకున్న పువ్వుని మాత్రం గోటితో కాడ దగ్గర గిల్లుతుంది, మొగ్గలన్నీ అలాగే ఉంటాయి. గుత్తిలో మొగ్గలు ఒకేసారి విచ్చుకోవు కదా, తెల్లారేసరికి మళ్ళీ పసుపే. "మండలు విరగ్గొట్టద్దు. ఇచ్చుకున్నదే తెంపాలె. రేపటికి రేపటియి ఉంటయి" అంది, మా అమ్మాయికి చూపిస్తూ. చిన్నప్పుడు మాకూ చెప్పే ఉంటుంది, నేనే వినలేదు. మొత్తం తెంపినా తాంబాలం చుట్టూ ఒకే ఒక్క వరుసకి సరిపోయాయి. మిగతావన్నీ బంతీ, చామంతీ, కొన్నవే.

అక్కడితో అయిపోలేదు. మర్నాడు పక్క బ్లాకుల ఆడవాళ్ళు కవర్లు పట్టుకుని వచ్చారు. "మన దగ్గరే తంగేడు ఉందట!" అని అందరికీ సంబరం. గుత్తులు గుత్తులుగా, కొమ్మలతో సహా. పురుగుల ఫోటో కింద బొటనవేలు పెట్టినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. వద్దనడానికి నోరు రాలేదు, పండుగ అందరిదీను. దారివైపు రెండు మొక్కలు కట్టెల్లా నిలబడ్డాయి. నేను పైకొచ్చి రుసరుసలాడుతుంటే అమ్మ, "కొనుక్క వచ్చే కట్టలు గూడ గిట్లనే ఇరగ్గొట్టి తెస్తరు. ఆ గుట్టలది ఎవరు సూడాలె?" అని తన పనిలో పడిపోయింది. నేను 2019లో కొన్న కట్ట గుర్తొచ్చింది. అదే ఏడు ఆ కట్టకి పువ్వు పూసిన గుట్ట మీద తర్వాత ఎన్ని కాయలు కాశాయో, ఎన్ని పురుగులకి చివుళ్ళు దొరికాయో. ఈ సంగతి నాకింకా తెగలేదు. ఈ ఏడు పండక్కి ముందు గ్రూపులో "విచ్చుకున్న పువ్వులే కోయండి" అని ఫోటోతో సహా పెట్టాలని ఉంది. బొటనవేళ్ళు ఎన్ని వస్తాయో చూడాలి.

ఆ సంక్రాంతికి కాయలు ఎండాయి. మొత్తం ఒక దోసెడు గింజలు. అమ్మాయి నాటుదామని కవర్లు సిద్ధం చేసుకుంటోంది. ఊరికి ప్రయాణమవుతూ అమ్మ సగం గింజలు అడిగింది. "ఊళ్ళో నీకెందుకమ్మా? మన గుట్ట నిండా ఉంటుంది కదా" అన్నాను. నేను గుట్టవైపు వెళ్ళి పన్నెండేళ్ళు దాటింది. గుట్ట సగం కంకరకి పోయిందట. మిగతా సగం చదును చేసి తెల్లరాళ్ళు పాతారట, వెంచరు. ఊళ్ళో బతుకమ్మకి కూడా రెండేళ్ళుగా సిద్దిపేట నుంచి కొనే తెస్తున్నారట. ఇదంతా అమ్మ చీర మడతలు పెట్టుకుంటూ చెప్పింది. నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వెప్పుడు అడిగినవ్?" అంది.

గింజలు రుమాల్లో మూటకట్టి ఇచ్చి, మరిగిన నీళ్ళు దించి కాసేపాగి పొయ్యాలని, రాత్రంతా నానాలని, ఉబ్బినవే పెట్టాలని, ఉబ్బనివాటికి గాటు పెట్టాలని రెండుసార్లు అప్పజెప్పాను. "గుట్ట మీద నీళ్ళెవలు కాగవెట్టిండ్రు?" అని నవ్వింది గానీ, కాగబెట్టిందని మా అక్క చెప్పింది. మా పొలం గట్టు మీదా, చెరువు కట్ట దిగువనా వేసింది. మొన్న ఫోన్ చేసినప్పుడు మోకాలెత్తుకి వచ్చాయంది, ఏడో ఎనిమిదో. మేకలు వాసన చూసి వదిలేస్తున్నాయట. పోయిన వానల్లో రెండు మొక్కలకి ఆకులన్నీ పోయాయట. "నీ పురుగులు ఈడికి గూడ వచ్చినయి, నువ్వే పంపినవా ఏంది?" అంది. మందేమైనా కొట్టావా అమ్మా అని అడిగాను.

"ఎందుకు కొడ్త?" అని, మా అమ్మాయికి ఫోన్ ఇమ్మంది. లెక్క ఎంతో చెప్పాలట.